ఎండలో పెట్టిన మంచు బూట్లు

పొద్దున్నే బూట్ల గది తలుపు తీస్తే తడిసిన స్పాంజీ, చెమట, ప్లాస్టిక్ కలిసిన వాసన ముక్కుకు తగులుతుంది. కువైట్ ఎండ బయట మండిపోతుంటే, మా మాల్ లోపలి హాల్లో మరతో చేసిన మంచు వాలు మీద జనం స్కీలు కట్టుకుని జారుతుంటారు. వాళ్లకు అద్దెకిచ్చే బూట్లవి. ఆ గది చూసుకునేది నేను. కొత్తగా చేరినవాళ్లు వాసనకు మొహం చిట్లించగానే కౌంటర్లో ఎవరో ఒకరు కథ మొదలుపెడతారు: "ఇదివరకు ఇక్కడ కడప వైపు సుబ్బమ్మ ఉండేది. చదువు లేదు పాపం. నలభై జతల బూట్లు డాబా మీద ఎండలో పెట్టి పాడుచేసింది. తర్వాత డిగ్రీ మేడమ్ వచ్చి అంతా దారిలో పెట్టింది." ఆ డిగ్రీ మేడమ్‌ను నేనే. ఆ కథలో నిజమైనవి రెండే, ఎండా, నలభై జతలూ. మిగతాది తప్పని ఎన్నిసార్లు చెప్పినా నా పెద్దమనసు అనుకుని ముచ్చటపడతారు. నాకు అలాంటిదేమీ లేదని మా ఆయన్ను అడిగినా చెబుతారు.

వెంకటసుబ్బమ్మది రాజంపేట దగ్గర పల్లె. అంతకుముందు జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. ఆ కుటుంబం ఏటా చలికాలంలో మంచుకొండలకు వెళ్తూ, పిల్లల కోసం ఆమెనూ తీసుకెళ్లేది. ఆరుగురి బూట్లు ఆరబెట్టడం, పన్నెండు పాదాలు వెచ్చగా ఉంచడం ఆమె పని. ఒక్కరి కాళ్లు చల్లబడినా ఇంటావిడ చేత, సుబ్బమ్మ పిలుపులో "మామా" చేత, ఆ రోజంతా తిట్లే. అక్కడ నేర్చిన విద్యతోనే మా హాల్లో బూట్ల గదికి పెద్దయింది. నేను విజయవాడలో బీయెస్సీ ఫిజిక్స్ చదివి, ఇక్కడే కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లో పదేళ్లు ఇల్లు చూసుకుని, నలభై దాటాక ఆమె కింద చేరాను. మొదటి రోజు "సుబ్బమ్మగారూ" అన్నాను.

"గారూ లేదు, గీరూ లేదు. అక్కా అను. ఏం సదివినావు?"

"బీయెస్సీ."

"అట్లయితే నీ పేరు బియ్యెస్సీనే. యాదీ, ఈ బూటు లోపలి మెత్తది బయటికి పీకు, సూస్తాం."

పది నిమిషాలు గుంజినా రాలేదు. ఆమె మడమ దగ్గర పట్టుకుని ఒక్క లాగు లాగితే ఊడి వచ్చింది. "దీన్ని పీకకుండా ఆరబెట్టినావంటే పైన పొడి, లోపల సెరువు" అంది.

మేం ప్రతిదానికీ పోట్లాడుకునేవాళ్లం. రెండు సాక్సులు వేసుకుంటే ఎక్కువ వెచ్చదనమని, పొరల మధ్య గాలి వేడిని పోనివ్వదని నేను పాఠం చెప్పాను. "ఆ బూట్లో గాలికి సందు యాడుండాదిమే? కాలు ఇరుక్కుంటే నెత్తురు ఆడదు. వాదనెందుకు, ఎడమకాలికి రెండేసుకో, కుడికాలికి ఒకటి. పోయి మంచులో నిలబడు" అంది. ఇరవై నిమిషాలకు నా ఎడమ బొటనవేలు ఉందో లేదో తెలియలేదు. నా ఎడమకాలు చిన్నప్పటినుంచీ అంతేనన్నాను. "రేపు కాళ్లు మార్చి నిలబడుదువులే" అంది. నిలబడ్డాను. ఆ తర్వాత ఒప్పుకున్నాను, నోటితో మాత్రం కాదు.

చెమట సాక్సులతో వచ్చినవాళ్లకు ఆమె బూట్లు ఇచ్చేది కాదు. పొడివి మార్చుకోవలసిందే. అహ్మదీ నుంచి వచ్చిన మన ఇంజనీరొకాయన "పొద్దున ఉతికినవేనమ్మా" అంటే, "పొద్దున్నించి నీ కాలు ఏడుస్తాండాది సార్. యల్లా, ఇప్పు" అంది. ఆయన ఇప్పాడు.

ఇక ఆ జూలై. బూట్లు ఆరబెట్టే మిషను చెడిపోయింది. మర్నాడు ఒక వేసవి శిబిరం పిల్లలు రావాలి. సుబ్బక్క తన ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి, వేలిముద్రలకని వెళ్తూ, "లోపలివి పీకి, పేపర్లు కూరి, ఫ్యాను కింద పెట్టు. గంటకొకసారి పేపరు మార్చు. బకిల్సు బార్లా తెరిచి వదలొద్దు" అని చెప్పింది. బయట అంత ఎండ పెట్టుకుని ఫ్యానేమిటనుకున్నాను. నలభై జతలూ ట్రాలీలో డాబా మీదికి చేర్చి, బకిల్సన్నీ తెరిచి వరసలు పేర్చాను. సుబ్బక్కకు రేపు పాఠం చెప్పొచ్చని మురిసిపోయాను కూడా. రెండు గంటల తర్వాత వెళ్తే సగం బూట్లు నోళ్లు తెరుచుకుని అలాగే వంకరపోయి ఉన్నాయి. లోపలి తొడుగుల జిగురు కరిగి అట్టలు ఊడి వేలాడుతున్నాయి.

అప్పటికి నా ఇఖామా ఈ కంపెనీకి మారే కాగితాలు ఇంకా నడుస్తున్నాయి. మా ఆయన కంపెనీ మూతపడబోతోంది. ఈ ఉద్యోగం పోతే ఇద్దరం పెట్టెలు సర్దుకోవడమే. తిరిగొచ్చిన సుబ్బక్కకు ఇదంతా తెలుసు. ఒక బూటు తిప్పి చూసింది, నన్ను చూసింది. "నీళ్లు తాగు" అంది, అంతే.

అంతలో మా కువైటీ మేనేజరు పైకొచ్చాడు. "మినూ సవ్వా హాదా?" అన్నాడు. ఎవరు చేశారిది అని. ఏ వాదనలోనూ మూతపడని నా నోరు అప్పుడే మూతపడింది.

"అనా" అంది సుబ్బక్క. నేనే అని.

తేరుకుని మాట్లాడబోతే నా కాలు తొక్కింది. మేనేజరు ఆమెను చూశాడు, బూట్లను చూశాడు, కాగితం మీద ఆమె పేరు రాసుకున్నాడు. వచ్చే నెల కూతురి కాన్పుకు ఊరెళ్లాల్సిన ఆమె సెలవు రద్దయింది. "ఖలాస్" అని వెళ్లిపోయాడు.

"ఎందుకక్కా అలా చెప్పావు? నేను వెళ్లి నిజం చెప్పేస్తాను."

"చెప్పు. చెప్పి రేపు ఇమానమెక్కు. పేపర్లు కూరేదానికి మనిషి లేక నేను సస్తా. గమ్మునుండి ఆ అట్టలు ఏరు, అతికిద్దాం."

బాగున్న ఇరవై జతలతోనే పిల్లల్ని రెండు దఫాలుగా జారనిచ్చాం. మూడు వారాలకు నా ఇఖామా చేతికొచ్చింది. ఆ మధ్యాహ్నమే మేనేజరు గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన నవ్వాడు. "ఆ రోజే తెలుసు. సుబ్బమ్మ బూట్లు ఎండలో పెడుతుందా?" మరి సెలవెందుకు రద్దు చేశారంటే, "కాగితానికి ఒక పేరు కావాలి, ఆమె ఇచ్చింది" అన్నాడు. ఇంక నేనూరుకోలేదు. గంటసేపు వాదించాను. నన్ను బయటికి పంపడానికే కాబోలు సెలవు తిరిగిచ్చాడు. కాన్పు నాటికి ఆమె ఊళ్లో ఉంది. కాగితం మీద పేరు మాత్రం మార్చలేదు. అందుకే ఈ కథ ఇప్పటికీ అలా తిరుగుతోంది.

ఇప్పుడామె రాజంపేటలోనే ఉంటోంది. కొత్త మిషను వచ్చినా నేను పేపర్లు కూరుతూనే ఉన్నాను, గంటగంటకూ మారుస్తూనే ఉన్నాను. నాకన్నా తక్కువ చదివినవాళ్లు ఏదైనా చెబితే మొదట కాలు పెట్టి చూసి, ఆ తర్వాతే వాదిస్తున్నాను. ఒక్కటి మాత్రం తేలలేదు. ఫోన్‌లో అడిగినప్పుడల్లా "మనవరాలికి జొరమొచ్చిండాది, మళ్ల మాట్లాడతా" అని పెట్టేస్తుంది. నేనడిగిన రోజే ఆ పిల్లకు జ్వరం వస్తుంది.

నిజం చెప్పు సుబ్బక్కా. ఆ రోజు "అనా" అన్నావే, ఆయన నమ్మడని తెలిసి అన్నావా, నమ్ముతాడని తెలిసే అన్నావా?