ముత్తమ్మ ఇంటికి నేను రాయించిన కిరాయి కాగితం

మేలు చేయబోయి ఎదుటి మనిషి ఇంటికి తాళం వేయించిన ఘనత మీలో ఎవరికైనా ఉందా? నాకుంది. నవ్వండి, పరవాలేదు. నేనూ నవ్వుతాను.

మా అత్తగారు భద్రాచలం దవాఖానాలో ఉన్న నెలంతా ఆమెను కనిపెట్టుకుని ఉన్న మనిషి ముత్తమ్మ. కోయ ఆమె. అడవి అంచున రెండు గదుల ఇల్లు. వానలకు ముందే పైకప్పు మార్పించాలని ఆమె ఆశ.

"నవమికి వచ్చేటోళ్లకు ముందుగది ఇస్త అక్కా. పంచాయతీల అడిగి పర్మిషన్ నా పేరు మీదనే రాపించుకుంట."

"నీకేం తెలుసు, నేను చూసుకుంటానుండు!"

అప్పటికి నేను రోజు కిరాయిల శాస్త్రంలో మహాపండితురాలిని మరి! హైదరాబాద్‌లో మా చెల్లెలి అపార్ట్‌మెంట్ వాళ్లు రోజు కిరాయిలు కుదరవంటే పోట్లాడి ఓడాను. ఖమ్మంలో మా మేడ మీది గదికి మున్సిపాలిటీలో పోట్లాడి లైసెన్సు గెలిచాను. ఏ ఎండకా గొడుగు పట్టాలంటారు. నేను ఖమ్మం గొడుగు పట్టుకునే అడవికి బయల్దేరాను.

ఖమ్మంలో లాగే లైసెన్సు నా పేరు మీద తెచ్చేస్తే పని సులువని, ముత్తమ్మ ఇంటిని నేనే ఏడాదికి కిరాయికి తీసుకున్నట్టు స్టాంపు పేపరు మీద టైపు చేయించాను.

"ఇది ఏంది అక్కా?"

"నీ మంచికే. సంతకం పెట్టు."

పెట్టింది. నమ్మింది, పిచ్చిది.

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? ఆ కాగితాన్ని నేనే పంచాయతీ ఆఫీసుకు మోసుకెళ్లాను. సెక్రటరీ చదివి కళ్లజోడు తీశాడు.

"మేడం, మీరు గిరిజనులా?"

"కాదు. డిగ్రీ చదివాను."

"చదువు సంగతి కాదు మేడం. ఇది ఏజెన్సీ ఏరియా. గిరిజనుల ఇల్లు బయటోళ్లు కిరాయికి రాసుకున్నా చెల్లదు."

"ఖమ్మంలో చెల్లుతుంది!"

"ఖమ్మంల చెల్లుతది. ఈడ చెల్లదు."

"ఒకటే రాష్ట్రం కాదా? రూలు చూపించండి!"

"లొల్లి వద్దు మేడం," అన్నాడు పాపం, చేతులు జోడించి. "కాగితం వాపస్ తీసుకపోండ్రి. ముత్తమ్మ తన పేరు మీద అడిగితే రేపే చూస్త."

తీసుకుపోవచ్చుగా? ఊహూఁ! పట్టుబట్టి దాని మీద ముద్ర వేయించి, రసీదు కూడా పుచ్చుకున్నాను. తాను తవ్విన గోతికి తానే రిజిస్ట్రేషన్ చేయించుకోవడమంటే ఇదే.

ముద్ర పడిన కాగితం ఊరుకుంటుందా? పై ఆఫీసుకు పోయింది. విచారణ తేలేదాకా ఆ ఇంట్లో ఎవరినీ దించొద్దని ఉత్తర్వు వచ్చింది. ముందుగదికి తాళం పడింది. నవమి వచ్చింది, కల్యాణం అయిపోయింది, యాత్రికులు ముత్తమ్మ వాకిలి ముందు నుంచే పక్కిళ్లకు వెళ్లిపోయారు.

నా కాగితం రద్దయ్యేసరికి వానలు పట్టుకున్నాయి. మొహం చెల్లక చెల్లక వెళ్లాను. గది నిండా బకెట్లు, గిన్నెలు. టప్పు టప్పుమని చినుకులు.

"తప్పయిపోయింది ముత్తమ్మా."

ఆమె తడవని మూల చూసి పీట వేసింది.

"కూసో అక్కా. ఈ వాన చూడు, ఎవ్వల పర్మిషన్ అడగలే. సీదా లోపటికొచ్చి దిగింది."

అని ఆమే నవ్వింది. తిట్టినా బాగుండేది.

ఆ గిన్నెల మధ్య నిలబడి చెయ్యి చాచి ఒట్టేశాను: ఇకమీదట ఏ ఊరి ఆఫీసు గడప తొక్కినా ముందు వింటాను, కాగితం వాపస్ తీసుకొమ్మంటే రెండు చేతులా తీసుకుని, కళ్లకద్దుకుని, నోరెత్తకుండా మొదటి బస్సెక్కుతాను.