తలుపుల్లేని దొర సినిమా కోసం మహబూబ్‌నగర్ దాకా

నేను యాభై ఏళ్లు చెప్పిన సినిమాను నా బామ్మర్ది తనదిగా చెప్పడానికి మహబూబ్‌నగర్ పోయాడు. నన్ను అడగలేదు. కనీసం చెప్పలేదు. పైగా అతని కోసం కారు వచ్చింది.

సంగతి నాకు శనివారం సాయంత్రం తెలిసింది. ఆదివారం పొద్దున ఆరూ పదికి కట్టంగూర్‌లో నల్లగొండ బస్సు ఎక్కాను. సంచిలో ఒక ధోవతి, తువ్వాల, మోకాలి మాత్రలు, నాలుగు జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు. ఈ దారిన పోదలచినవారు రొట్టెలు కట్టుకునే పోవాలి. మధ్యలో దొరికే ఇడ్లీల గురించి నేనేమీ రాయను.

బస్సులో నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. నేను టికెట్ కొంటుంటే నవ్వింది.

"ఆడోళ్లకు ఫిరీ. నువ్వు పైసలు పెట్టి గింత అంచుకు కూసున్నవు. జర ఇటు జరుగు, పడిపోతవు" అంది.

నల్లగొండ ఏడుకు ముందే వచ్చింది. దేవరకొండ బస్సు ఏడుంబావుకు. అది కదిలేలోపు అసలు విషయం చెబుతాను.

సత్తయ్య నా భార్య యాదమ్మకు తమ్ముడు. నల్లగొండలో ఒక బట్టల దుకాణంలో ముప్పై ఏళ్లు గజం కట్టె పట్టుకొని గుడ్డ కొలిచాడు. నేను గుంతలో దిగి మగ్గం నేసేవాణ్ని. నాకు బడి లేదు. నూలు కట్టల మీది చీటీలు, పొట్లం కట్టి వచ్చిన ఇంగ్లీషు పేపర్లు, ఒక పాత నిఘంటువు, ఇవే నా బడి. ఇరవై రెండేళ్ల వయసులో నూలు కోసం హైదరాబాద్ పోయినప్పుడు నా ఇంగ్లీషు ఎంతవరకు వచ్చిందో చూసుకుందామని ఒంటరిగా ఒక ఇంగ్లీషు సినిమాకు పోయాను. మాటల్లో పావువంతు అర్థమయ్యాయి. మిగతా ముప్పావు మొఖాలు చూసి తెలుసుకున్నాను.

గుర్రబ్బండ్ల కాలం కథ. ఇంగ్లండులో మన దొరల గడి లాంటి పెద్ద ఇల్లు, కప్పు నిండా బొక్కలు. ఇంట్లో ఒక దొర, దొరసాని, ఇద్దరు ఆడబిడ్డలు. చేతిలో పైసా లేదు. చలికాలం వస్తే దొర ఇంటి తలుపులను ఒక్కొక్కటే పీకి పొయ్యిలో పెడతాడు. గదులకు తలుపుల జాగాలో పరదాలు వేలాడుతుంటాయి. దొరసాని ప్రతి పూటా గంట కొడుతుంది, వడ్డించడానికి పనివాళ్లు లేకపోయినా. రైలు పట్టాలకు భూమి కొలవడానికి ఒక పడుచువాడు వస్తాడు. చిన్నబిడ్డ వాణ్ని ప్రేమిస్తుంది. వాడు మొదట పెద్దదాని వెంట తిరుగుతాడు. పరదా వెనక నిలబడి చిన్నది ఆ ఇద్దరి మాటలు వినే ముచ్చట ఉంది, అది చెబితే మా వాడకట్టులో ఎవరూ కదిలేవారు కాదు.

మగ్గానికి కావలసిన నూలును ఆడవాళ్లు రాట్నాల మీద కండెలకు చుడతారు. చేతులకు పని, చెవులు ఖాళీ. అందుకని మా వాడకట్టులో కండెలు చుట్టేచోట ఎవరో ఒకరు కథ చెప్పాలి. కథ ఎట్లా ఉందో ఎవరూ నోటితో అనరు. రాట్నాలు ఆగితే బాగున్నట్టు. నా సినిమా చెబితే పది రాట్నాలు ఆగేవి. "దొరకు తిండి లేకపోవుడేంది, మనకే లేదు గని" అని నవ్వేవారు, మళ్లీ చెప్పమనేవారు. ముగింపు దగ్గర అన్నీ ఆగేవి. యాదమ్మ రాట్నం ఒక్కటే ఆగేది కాదు. అక్కడికి వచ్చేసరికి ఇంకా జోరుగా తిప్పేది. ఆ సంగతి నాకు ఇన్నేళ్లు గుచ్చుకుంది. తమ్ముడు వచ్చి పొలం కాడి ముచ్చట చెప్పినా రాట్నం వదిలి వినేది.

యాదమ్మ పోయి నాలుగేళ్లయింది. మొన్న నల్లగొండలో ఒక పెండ్లిలో సత్తయ్య ఈ సినిమా చెప్పాడట. ఆ రోజు నేను మోకాలి నొప్పితో దవాఖానలో ఉన్నాను. పెండ్లికి వచ్చిన మహబూబ్‌నగర్ లెక్చరర్ ఒకాయన విని, కథను బట్టి ఆ పాత సినిమాను కంప్యూటర్లో వెతికి పట్టుకున్నాడు. ఆదివారం మహబూబ్‌నగర్‌లో ఒక హాలులో ముందు సత్తయ్య తెలుగులో చెప్పాలి, తర్వాత సినిమా వేస్తారు. నా కథకు మైకు వచ్చేసరికి నోరు వాడిదయింది.

దేవరకొండ తొమ్మిదికి. అక్కడ చాయ్ బాగుంటుంది, కానీ గ్లాసు చిన్నది. కల్వకుర్తి బస్సులో ఒక బత్తాయి రైతు నా పక్కన కూర్చొని రెండు కాయలు ఒలిచి ఒకటి నాకిచ్చాడు. ఎక్కడికని అడిగితే మొత్తం చెప్పాను. ఆయన గింజలు కిటికీలోంచి ఉమ్మి అడిగాడు:

"పెద్దయ్యా, నువ్వు సినిమాకు పోతున్నవా, కొట్లాటకు పోతున్నవా?"

"రెండింటికి" అన్నాను.

"అయితే ముందు సినిమా చూడు. కొట్లాడినంక కండ్లకు ఏం కనపడది."

డిండి దాటాక రెండు వైపులా రాతిగుండ్లు, కంది చేన్లు, ఎండ. కల్వకుర్తిలో పదకొండు. జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి పన్నెండూ ముప్పావు. బస్టాండు ఎదురుగా ఒక లాడ్జిలో కింది అంతస్తు గది అడిగి తీసుకున్నాను. మోకాళ్లు నొచ్చేవారు మెట్ల సంగతి ముందే అడగండి. రొట్టెలు తిని, కొత్త ధోవతి కట్టుకొని మూడింటికి హాలుకు పోయాను.

ఒక ఎనభై మంది ఉంటారు. సత్తయ్య మెడలో శాలువా. నన్ను చూసి చేయి ఊపాడు, దొంగ మొఖం పెట్టలేదు. అది ఇంకా మండించింది.

చెప్పడం మొదలుపెట్టాడు. తలుపులు, పరదాలు, గంట, పడుచువాడు, అన్నీ నా మాటలే. "దొర తలుపు పీకుతుంటే ఇల్లు పండ్లూడిన నోరు లెక్క అయింది" అన్నది నా మాట. దానికి చప్పట్లు వాడికి. "గిది మా ఇంట్ల చెప్పుకునే కథ" అన్నాడు తప్ప నా పేరు ఎత్తలేదు. ఆఖరుకు వచ్చాడు. ఇంట్లో మిగిలింది వీధి తలుపు ఒక్కటే. పడుచువాడు గుమ్మంలో నిలబడి చిన్నబిడ్డను అడుగుతాడు, నాతో వస్తవా అని.

నేను చెప్పినప్పుడల్లా ఆ పిల్ల వాడితో పోతుంది. పెండ్లయి, బండ్ల మీద కొత్త తలుపులు పుట్టింటికి పంపిస్తుంది. సత్తయ్య అట్లా చెప్పలేదు.

"గా పిల్ల ఏమన్నది? తలుపుల్లేని ఇంట్ల మా నాయినను ఇడిసిపెట్టి నేను యాడికస్త? నువ్వే లోపలికి రా, తలుపు నేనేస్త అన్నది. పిలగాడు ఇల్లరికం వచ్చిండు! నిజమో కాదో ఇప్పుడు మీరే చూడున్రి" అన్నాడు.

హాలు గొల్లున నవ్వింది. నేను లేచాను.

"ఆ ఆఖరు తప్పు" అన్నాను.

ఎవరో మైకు నా చేతికిచ్చారు. సత్తయ్య నవ్వుతూ, "అయితే నువ్వు చెప్పు బావా, ఏమైతదో. గిప్పుడు ఎట్లనన్న తెర మీద తేలుతది గద" అన్నాడు.

ఇక్కడ ఒక నిజం రాయాలి. ఇది ఎవరికీ చెప్పలేదు, యాదమ్మకు కూడా చెప్పలేదు. ఆ రోజు హైదరాబాద్‌లో పడుచువాడు గుమ్మంలో నిలబడి అడగడం వరకే చూశాను. మా వైపు ఆఖరు బస్సు పోతుందని నూలు కట్టలు నెత్తిన పెట్టుకొని బయటికి ఉరికాను. ఆ పిల్ల ఏమన్నదో నాకు తెలియదు. కొత్త తలుపులు, పెండ్లి, అన్నీ బస్సులో అల్లినవే.

మైకు పట్టుకొని, "చూడున్రి" అని కూర్చున్నాను. వెనక ఒక పిల్ల నవ్వింది.

దీపాలు ఆర్పారు. యాభై ఏళ్ల తర్వాత ఆ ఇల్లు మళ్లీ కనపడింది. నేను అనుకున్నదానికంటే చిన్నగా ఉంది. పరదాలు ముతక నూలువి, నేత వదులు, చలి ఆపవు. ఇన్నేళ్లు వాటిని మఖమల్ అని చెప్పాను. పడుచువాడు గుమ్మంలో నిలబడ్డాడు. అడిగాడు.

ఆ పిల్ల ఏమీ అనలేదు. తలుపు వేసింది. కొంతసేపటికి తీసి చూసింది. దారి మీద ఎవరూ లేరు. తెర తెల్లబడింది.

ఆఖరు నాదీ కాదు, వాడిదీ కాదు. అయినా బయట జనం సత్తయ్య చుట్టే మూగారు. "ఇంగ్లీషోళ్ల ఆఖరు కన్న నీదే బాగున్నది తాతా" అని ఒక పిల్ల సెల్ఫీ దిగింది.

జనం పల్చబడ్డాక నేను అడిగాను: "నా పేరు ఎందుకు చెప్పలే?"

"పొద్దుగాల చెప్త. బస్సు ఎన్నింటికి?"

"నీకు కారున్నది గద."

"కారు వద్దన్న. నీతోనే వస్త."

సోమవారం ఏడున్నరకు బస్సు ఎక్కాం. వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు, అడగకుండానే. శాలువా మడిచి నా సంచిలో పెట్టాడు, తన సంచి చిన్నదని. పోయేటప్పుడు ఈ దారి ఎంత ఉందో వచ్చేటప్పుడూ అంతే ఉంది. కానీ కోపంతో పోయినవాడికి చేన్లు కనపడవు, వచ్చేటప్పుడు చూశాను, కంది బాగా పూసింది. కల్వకుర్తిలో బస్సు మారాం. వాడు రెండు చాయ్‌లు పట్టుకొచ్చాడు. నేను ఒక గుక్క తాగి మళ్లీ అదే అడిగాను.

సత్తయ్య చాయ్ ఊదుకుంటూ ఇట్లా అన్నాడు:

"నీ పేరు చెప్తే నీ ఆఖరు చెప్పాలె బావా. నేను చెప్పింది మా అక్క ఆఖరు. నువ్వు మగ్గం గుంతల దిగినంక కండెలు చుట్టుకుంట నాకొక్కనికే చెప్పేది. 'మీ బావ ఆఖరు చూడకుండనే బస్సెక్కిండురా. పిల్ల పంపిన కొత్త తలుపులు ఒకపారి నలభై అంటడు, ఒకపారి అరవై అంటడు. ఆడికొచ్చేసరికి నాకు నవ్వొస్తది, రాట్నం జోరుగ తిప్పుకుంట ఆపుకుంట. నాకు ఎరికని ఆయనకు చెప్పకు, చిన్నబోయి కథ చెప్పుడే బంద్ పెడ్తడు' అన్నది."