అమ్మ ఎండబెట్టిన బాక్టీరియా

ఆ రోజుల్లో మా ఇంట్లో బాక్టీరియా అంటే ఒకటే అర్థం, టైఫాయిడ్. 1984లో (85 అని తమ్ముడంటాడు, మంచాన పడ్డది వాడు, రాసిపెట్టుకున్నది నేను) వాడికి ఆ జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి అమ్మ నీళ్ళు, పాలు, చివరికి మా దువ్వెనలు కూడా మరగబెట్టేది. ఆ మరుసటి తొలకరికి, ఒంగోలులో బీఎస్సీ చదువుతున్న నేను, మా దర్శి వైపు నల్లరేగడికి కొత్తదైన సోయా చిక్కుడు గింజలూ, వాటికి పట్టించే రైజోబియం అనే నల్లపొడి పొట్లమూ పట్టుకుని ఇంటికొచ్చాను.

"ఏంటే అది?" అంది అమ్మ.

"బాక్టీరియా అమ్మా. గుండ్రంగా ఉంటే కోకస్, కడ్డీలా ఉంటే బాసిల్లస్. ఇది కడ్డీ రకం. వేళ్ళలో కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్కకి తిండిగా మారుస్తుంది. మొక్క దానికి చక్కెర పెడుతుంది. అదే సహజీవనం." (అప్పట్లో ఊపిరి తీసుకోకుండా మాట్లాడేదాన్ని.)

"డబ్బులిచ్చి మరీ చేలోకి జ్వరం తెచ్చావా!"

పత్తికి ఎరువులు పోసి విసిగిపోయిన నాన్న మాత్రం, "ఒక ఎకరం ఇస్తా. పంట పోయిందో, నీ చదువు చాలు" అన్నాడు. గింజలకు బెల్లం నీళ్ళతో పొడి పట్టించి, రెండు బుట్టల్లో నీడన ఆరబెట్టి, కునుకు తీశాను. లేచేసరికి ఒక బుట్టెడు గింజలు వాకిట్లో చాప మీద, మండుటెండలో!

"చావనీ పురుగులు. తినేది నా పిల్లలు" అంది అమ్మ. నా ఏడుపు వినిపించుకోకుండా నాన్న ఆ ఎకరంలో ఒక్కో సగంలో ఒక్కో బుట్ట విత్తేశాడు.

పూతకొచ్చేసరికి ఒక సగం పాలిపోయింది, రెండో సగం నల్లపచ్చగా నిగనిగలాడింది; మధ్యలో గీత గీసినట్టే ఉంది. నాన్న ఓ పచ్చ మొక్కను పెకలించాడు. వేళ్ళనిండా బుడిపెలు.

"చెప్పానా, రోగం!" అంది అమ్మ.

ఒక బుడిపెను గోటితో చీల్చాను. లోపల ఎర్రగా, పచ్చిమాంసంలా ఉంది. బాక్టీరియా పనిచేసే బుడిపె ఎర్రగా ఉంటుందని పుస్తకంలో చదివానే గానీ, చూడటం అదే మొదలు.

"మొక్కకి నెత్తురేంటే..." అంటూ నాన్న, ఎందుకో మరి, చెప్పులు విడిచాడు.

అమ్మ పాలిపోయిన మొక్కను పీకి వేళ్ళు తడిమింది. నున్నగా ఉన్నాయి. "అయితే వీటిని నేనే చంపానంటావా?"

నా చదువు ఆగలేదు. ఆ సాయంత్రం పాలు తోడుపెట్టబోతూ అమ్మ ఆగింది. "ఇందులో ఉన్నవీ అవేనా?"

"వాటి చుట్టాలమ్మా."

వేలు ముంచి చూసి, పాలు ఇంకాస్త చల్లారేదాకా గిన్నె పక్కనే కూర్చుంది, దువ్వెనలు మరగబెట్టిన మా అమ్మ.

సైన్సు టీచరుగా డిగ్రీలు, దశాంశాలు అంటూ బళ్ళో పిల్లల ప్రాణం తీసిన నేను, ఇవాళ ఇంట్లో థర్మామీటరు ఉండగానే, తోడు వేసేముందు వేలే ముంచుతున్నాను. ఒకటికి రెండుసార్లు.