టర్కీ పుంజుకు నేను పెట్టనైన వైనం

ఆ రోజుల్లో ఉద్యోగమంటే ఏమిటో ఇప్పటివాళ్లకు ఎంత చెప్పినా బోధపడదు. ముప్పైల నాటి మాట. పండిన ధాన్యానికి ధర లేదు, చదివిన చదువుకు కొలువు లేదు. అలాంటి కాలంలో ఏలూరు కాలవల ఆఫీసులో నాకు టెంపరరీ గుమాస్తా పని దొరకడం తన పూజల ఫలమని మా మేనత్తా, నా చేతిరాత గొప్పతనమని నేనూ అనుకునేవాళ్లం. (రెండూ కాదు, పాత గుమాస్తాకు మలేరియా వచ్చిన ఫలమని తర్వాత తెలిసింది.) ఆ గుమాస్తా లేచి తిరుగుతున్నాడని కబురు వచ్చిన నాటి నుంచి నాకు అన్నం సహించడం మానేసింది. నన్ను దగ్గర పెట్టుకుని చదివించిన మేనత్తకు ఆ సంగతి ఎలా చెప్పడమా అని ఒకటే బెంగ.

సరిగ్గా అప్పుడే హెడ్డుగుమాస్తాగారు నన్ను పిలిచి, నాకు మురళి వాయించడం వచ్చని ఇంజనీరు దొరకు చెప్పేశానన్నారు. దొర శీతాకాలమంతా భీమడోలు దగ్గర కాలవగట్టు బంగళాలో మకాం చేసేవాడు. క్రిస్మస్ విందుకని ఎక్కడినుంచో మూడు టర్కీ కోళ్లు తెప్పిస్తే, అందులో పుంజు గంప తన్నేసి కొల్లేటి రెల్లులోకి పారిపోయింది. మనిషి అలికిడైతే చాలు, ఇంకా లోపలికి పోతోందట. దొర దగ్గర ఒక బాకా ఉంది. దాని మీద పెట్ట గొంతు పలికిస్తే పుంజు తనంతట తానే వస్తుంది. కానీ గుర్రం మీంచి పడి దొరకు ముందు పళ్లు రెండు ఊడిపోవడంతో ఆయన నోట గాలి నిలవడం లేదు.

“విందుకు పై అధికారి వస్తున్నారటోయ్. నువ్వు ఆ పుంజును రప్పించావంటే దొరగారు నీ ఉద్యోగం ఖాయం చేస్తానన్నారు,” అన్నారు హెడ్డుగారు. రప్పించలేకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. అలాగేనండి అన్నాను.

హెడ్డుగారి వెంట భీమడోలు వెళ్లి, మిగిలిన రెండు పెట్టల ముందు మధ్యాహ్నమంతా గొంతుక్కూచుని వాటి సంభాషణ విన్నాను. దొర బాకా చేతికిచ్చాడు. ముందు భాగం నున్నటి కర్ర, చివర వెడల్పుగా విచ్చుకుని ఉంది. నోట్లో పెట్టుకునే సన్నటి గొట్టం తెల్లగా మెరుస్తుంటే ముచ్చటపడి, ఇది దంతమాండీ అని అడిగాను. టర్కీ కోడి రెక్క ఎముకని హెడ్డుగారు చల్లగా చెప్పారు. మా మేనత్త మడి సంగతి వీధి వీధంతా ఎరుగును. ఉల్లిపాయ తిన్నవాడు అరుగెక్కితే అరుగు కడిగించే మనిషి. ఎముక నోట్లో పెట్టుకుంటే ఇల్లు లేదు, పెట్టుకోకపోతే ఉద్యోగం లేదు.

బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి బొప్పాయి కాడను ఆశ్రయించాను. ఎముకంత పొడుగున కాడ కోసి, బాకాలాగే తొలిచిన ఓ కర్ర ముక్కకు తగిలించి పెరట్లో సాధన మొదలుపెట్టాను. తీరా చూస్తే అది ఊదే వాయిద్యం కాదు, పీల్చే వాయిద్యం. పసిపిల్లను ముద్దాడేటట్టు పెదవులు బిగించి గాలి లోపలికి లాగాలి. మురళికి అలవాటుపడ్డ నా నోరు ఎదురు తిరిగింది. మొదట తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది, ఆ తర్వాత దూడ గొంతు పట్టినట్టు వచ్చింది. వంటింట్లోంచి విన్న మేనత్త నాకు ఎక్కిళ్లు పట్టుకున్నాయని శొంఠి కషాయం తెచ్చి దగ్గరుండి తాగించింది. కాదనలేక రోజూ తాగాను. నాలుగైదు రోజులు పోయాక ఓ పూట “క్యావ్, క్యావ్” అని అచ్చం ఆ పెట్ట గొంతే పలికేసరికి, నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను.

పిలవాల్సిన రోజున తాజా కాడ కోసి, నా కర్ర ముక్కతో పాటు కోటు జేబులో దాచుకుని రైలెక్కాను. రెల్లు చాటున కూచుని, అసలు బాకా పైకి చూపిస్తూ, చాటుగా నా కర్రకు కాడ తగిలించి పలికించాలని నా పన్నాగం. కొల్లేటి గట్టున దొర, హెడ్డుగారు, వలతో ఇద్దరు పల్లెకారులు. ఎండ చుర్రుమంటోంది. జేబులో చెయ్యి పెడితే కాడ వడిలిపోయి వానపాములా మెత్తగా తగిలింది. పీలిస్తే చప్పుడు లేదు. దొర గడియారం చూసుకున్నాడు. వెనకనుంచి హెడ్డుగారు, “అబ్బాయ్, మలేరియా ఆయన సోమవారం వస్తానని రాశాడు,” అన్నారు మెల్లగా. కళ్లు మూసుకుని, మేనత్తకు మనసులోనే దణ్ణం పెట్టుకుని, ఎముక పెదవుల మధ్య పెట్టుకున్నాను.

ఎముక కదా, కాడ కంటే వెయ్యి రెట్లు బాగా పలికింది. రెండోసారి పిలిచేసరికి రెల్లు కదిలింది. పుంజు బయటికొచ్చింది. ఈకలన్నీ విచ్చుకుని, పెళ్లికొడుకులా అడుగులో అడుగు వేసుకుంటూ సరాసరి నా ఎదుటికొచ్చి నిలబడి, పెట్ట ఎక్కడుందా అని నా చుట్టూ వెతికింది. వల పడింది. దొర బోసినోటితో నవ్వి నా భుజం తట్టాడు.

సాయంత్రం ఇల్లు చేరి లోపలికి వెళ్లకుండా పెరట్లోనే నిలబడి, ఎముక సంగతంతా మేనత్తకు చెప్పేశాను. దాచుకునే ఓపిక నాలో మిగల్లేదు. చీపురు తీస్తుందనుకున్నాను.

“అయితే అది నిన్ను పెట్టనుకునే వచ్చిందటరా?” అందావిడ.

అవునన్నాను.

“పాపం, పిలిస్తే నమ్మి వచ్చిందన్నమాట,” అని, నూతి దగ్గర నెత్తిన నీళ్లు పోసుకుని భోజనానికి రమ్మని లోపలికి వెళ్లిపోయింది. అన్నాళ్లు నన్ను కాల్చుకుతిన్న ఎముక మైల రెండు చేదల నీళ్లతో పోయింది. ఆవిడ అన్న ముక్క మాత్రం పోలేదు. కంచం ముందు కూచుని, ఆ పుంజును తలుచుకుని ఏడ్చాను. ఉద్యోగం ఖాయమైనవాడు ఏడవడమేమిటని తర్వాత సిగ్గు కూడా పడ్డాను.

ఆ ఉద్యోగంలోనే జుట్టు నెరిసి, పింఛను పుచ్చుకుంటున్నాను. నలుగురిలో నాకు అనుమానపు మనిషినని పేరు. ఒప్పుకుంటాను. ఎవరైనా మరీ ముద్దుగా నన్ను పిలిస్తే, ముందు వాళ్ల వెనక వల ఉందేమోనని చూస్తాను. చూసి, నాలో నేనే కాస్త నవ్వుకుని, ఆ పుంజులాగే అడుగులో అడుగు వేసుకుంటూ వెళతాను.