నాపరాయి పలక అవతల

మా చిన్నాయన పోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట. వికారాబాద్‌లో టీచర్ల శిక్షణలో ఉండగా నాకు ఫోన్ వచ్చింది. తాండూరు బస్సెక్కి కూర్చున్నాక, ఇక నన్ను పలకరించే మనిషే లేడని ఏడుపొచ్చింది.

ఆయనకు రాయి పాలిష్ చేసే చిన్న యూనిట్ ఉండేది. నా భర్త పోయాక తన ఇంటి పక్కనే నాకు అద్దెకు ఇల్లు చూశాడు. మా రెండిళ్ల మధ్య గోడ లేదు. తాండూరులో చాలాచోట్ల ఉన్నట్టే, నిలువుగా పాతిన నాపరాయి పలకలు.

చిన్నాయనకు పనిచేసేది ఒక్కటే కిడ్నీ. ఆ సంగతి దాంట్లో గడ్డ బయటపడ్డాకే తెలిసింది. హైదరాబాద్ డాక్టరు ఏమీ దాచలేదు.

"గడ్డ లోతుల ఉంది, రక్తనాళాలను ఆనుకొని ఉంది. రోబోతోని గడ్డ మటుకే తీసి కిడ్నీ నిలబెట్టాలని చూస్త. కుదరకపోతే మొత్తం తీసుడే. ఇగ బతికినన్నాళ్లు డయాలసిస్."

చిన్నాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సార్, మా దగ్గర గూడ మిషన్లున్నయ్. రాయి పలిగినా వాటికి సోయుండదు. ఎక్కడ ఆగాల్నో మీ మిషన్‌కెట్ల తెలుస్తది?"

డాక్టరు నవ్వలేదు. "దానికి తెల్వదు పెద్దాయనా. నడిపేది నేనే, ఆపేది నేనే."

ఆ మాట మీదే ఒప్పుకున్నాడు. ఆపరేషన్ అయ్యేదాకా నేను బయట బల్ల మీదే కూర్చున్నాను.

కిడ్నీ నిలిచింది. నీళ్లు బాగా తాగమన్నారు. అప్పటినుంచి తాగినప్పుడల్లా ఖాళీ చెంబుతో పలక మీద కొట్టేవాడు. నేనూ తాగి, ఇటునుంచి కొట్టాలి. జర ఆలస్యమైతే, "ఉన్నవా బిడ్డా?" అని కేక.

"నా కిడ్నీలు మంచిగనే ఉన్నయ్ గద చిన్నాయనా, నాకెందుకీ తిప్పలు?" అని ఒకసారి విసుక్కున్నాను.

"నీళ్లు నాకు. సప్పుడు నీకు" అన్నాడు.

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఒంటరి మనిషికి ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆయనకు ముందే తెలుసేమో.

చివరి పరీక్షలోనూ కిడ్నీ బాగుందనే చెప్పారు. ఆ రోజు బస్టాండులో ఇద్దరికీ జిలేబీ కొన్నాడు. "ఇగ దీని ఫికర్ లేదు" అన్నాడు. గుండె సంగతి మేమిద్దరం అనుకోనే లేదు.

దినకర్మ అయ్యాక, నిన్న పొద్దున నిండు చెంబు పట్టుకొని పలక దగ్గర నిలబడ్డాను. ఎప్పుడూ ముందు కొట్టేది ఆయనే. జవాబుగా కొట్టడమే నాకు అలవాటు. బడికి వేళ దాటేదాకా అలాగే ఉన్నాను, నీళ్లు తాగకుండా.