క్లచ్ స్ప్రింగు మీద నా కుడిచెయ్యి

నిన్న సాయంత్రం అరవై మంది ఆడవాళ్ళు చూస్తుండగా నా పరువు గాల్లోకి ఎగిరింది. మాటవరసకు అనడం లేదు. నిజంగానే ఎగిరింది, ఠంగుమని చప్పుడు కూడా వచ్చింది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. కుడి మణికట్టు వాచింది కాబట్టి ఇదంతా ఎడమచేతి వేలితో ఫోన్లో కొడుతున్నాను. తప్పులుంటే ఆ పాపం నాది కాదు.

మా ఆయన రాఘవేంద్ర రాయచూరులో కాలేజీ లెక్చరరు. ఆయనకో బండి ఉంది. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్దది. రెండు సైలెన్సర్లు, బొద్దు ట్యాంకు. కిక్కు కొట్టే రాడ్డునే ముందుకు తిప్పితే గేరు రాడ్డు అవుతుంది, ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు. మామూలు రోజుల్లో ఆదివారం పొద్దున దాన్ని తుడుచుకుని లింగసుగూరు రోడ్డు మీద కాసేపు తిరిగొస్తాడు. ఆ కాసేపు నాకూ హాయి. ఇప్పుడు లాక్‌డౌన్. కాలేజీ మూశారు, రోడ్లు మూశారు, మనిషి ఇంట్లో పడ్డాడు. మూడో రోజుకల్లా బండి మొత్తం విప్పేశాడు.

వరండాలో విప్పాడనుకునేరు! అక్కడ ఎండట. రాయచూరు ఎండ ఇంజనుకు పడదట, నాకు పడుతుందట. ఇంజను హాల్లోకి వచ్చింది. ట్యాంకు దివాన్ ఎక్కింది. కార్బురేటరు నా ఇడ్లీగిన్నెలో కిరసనాయిలు పోసుకుని నానుతోంది. హెడ్‌లైటు దేవుడి గూట్లో చేరింది.

"దేవుని దగ్గర ఎవరు ముట్టరని పెట్టిండమ్మా, వాని తెలివే తెలివి," అని మా అత్తమ్మ మురిసిపోయింది.

పాలప్యాకెట్ కోసం వీధి మలుపు దాటితే లాఠీ పడుతున్న రోజులివి. ఈ బండి నడిస్తే ఎంత, నడవకపోతే ఎంత? అదే అడిగాను.

"ఇది రిస్టోరేషన్ పద్మా. ఓపిక కావాలె. ప్రతి పార్టు నా చేతుల మీదికెల్లి పోవాలె," అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ చేతుల మీదుగా ఒక్క అంటుగిన్నె పోలేదు. ఏ నట్టు ఏ రంధ్రంలోదో చీకట్లో కూడా చెప్పగలడు, ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం నన్నే అడుగుతాడు. పనమ్మను మా వీధిలోకి రానివ్వడం లేదు. వంట, అంట్లు, బట్టలు, బజారు నుంచి వచ్చిన ప్రతి బెండకాయకూ స్నానం, అన్నీ నావే. ఆయన చేసేదానికి ఇంగ్లీషులో గొప్ప పేరుంది. నేను చేసేదానికి ఏ భాషలోనూ పేరు లేదు. చేయకపోతే మాత్రం వంద పేర్లు!

నిన్నటి సభ సరిగ్గా దీని మీదే. నేను రాసే పత్రిక మిత్రులు ఆన్‌లైన్‌లో పెట్టారు, లాక్‌డౌన్‌లో ఇంటి చాకిరీ అని. ప్రధాన వక్తను నేను. పదిహేనేళ్ళుగా రాస్తున్నాను, ఈ విషయం మీద నన్ను ప్రధానంగా పిలవడం ఇదే మొదలు. ఇదివరకు ప్రతి సభలోనూ స్త్రీల కష్టాల గురించి ఎవరో ఒక ప్రొఫెసరుగారు ముప్పావుగంట మాట్లాడి, చివరి పది నిమిషాలు నాకు పడేసేవారు. ఈసారి నలభై నిమిషాలూ నావే. పైగా విన్నవాళ్ళలో సగం మంది కొత్తవాళ్ళు, సభ అంటేనే ఎరగని గృహిణులు. వాళ్ళు నన్ను నమ్మాలి. నాకు కావలసింది అంతే. నమ్మితే రేపు మళ్ళీ వస్తారు, లేకపోతే ఇదంతా పుస్తకాల మాటలని ఫోను కట్టేసి పొయ్యి దగ్గరికి పోతారు.

మా ఇంట్లో నెట్టు సరిగ్గా వచ్చేది కిటికీ పక్కన భోజనాల బల్ల దగ్గరే. మధ్యాహ్నమే ఖాళీ చేయించి, నిఘంటువుల మీద లాప్‌టాప్ నిలబెట్టి, మంచి నేత చీర కట్టుకుని కూర్చున్నాను. ఇంకా అయిదు నిమిషాలుందనగా రాఘు వచ్చాడు. పసిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతుల్లో క్లచ్‌ను పట్టుకొచ్చాడు.

"పద్మా, జర ఒక్క నిమిషం."

"నాకు మీటింగు, రాఘూ!"

"ఎరుకే. ఇంక అయిదు నిమిషాలుంది కదా. వెలుతురు ఈడనే మంచిగుంది. నాల్గు స్ప్రింగులు ఎక్కినయి, గిదొక్కటే మిగిలింది. నువ్వు ఒత్తి పట్టుకో, నేను పిన్ను దూరుస్త."

క్లచ్ అంటే తెలియనివాళ్ళకు చెప్తాను. పళ్ళెమంత ఇనపచక్రం. అందులో అయిదు స్ప్రింగులు, ఒక్కోదాని నెత్తిన ఒక టోపీ. టోపీని గట్టిగా కిందికి నొక్కితే మధ్యలో సన్న రంధ్రం కనబడుతుంది. ఆ రంధ్రంలో చిన్న పిన్ను దూరిస్తే టోపీ కదలకుండా కూర్చుంటుంది. చక్రం కదలకుండా ఒక చెయ్యి కావాలి, పిన్ను పెట్టడానికి ఒక చెయ్యి కావాలి, నొక్కడానికి ఇంకో చెయ్యి కావాలి. మగవాడికి బండితో పాటు ఓ పెళ్ళాం కూడా ఉంటుందని లెక్కేసుకునే ఈ బండ్లు చేసినట్టున్నారు!

నొక్కే పనిముట్టు ఏమిటో చెప్పనా? నా పప్పుగుత్తి!

నొక్కాను. ఆయన ప్లయర్‌తో పిన్ను పట్టుకున్నాడు. పిన్ను జారి ఎక్కడో పడింది.

"ఇడువకు! ఇడిస్తివంటే స్ప్రింగు ఎగిరిపోతది. ఇంకొకటి బెంగళూరుకెల్లి రావాలె, కొరియర్లు గిట్ల బందున్నయి. షెడ్డుల ఇంకో పిన్నుంది. గిప్పుడే తెస్త!"

వెళ్ళాడు. అదే సమయానికి తెర మీద మా సభాధ్యక్షురాలు విమలక్క ప్రత్యక్షమైంది. "పద్మా, అందరూ వచ్చేశారు. మొదలుపెట్టు."

వదిలేయొచ్చు కదా అంటారు మీరు. నిన్నటి నుంచి నన్ను నేను అడుగుతున్నదీ అదే. మెల్లగా వదలబోయాను. టోపీ పక్కకు ఒరిగి కిర్రుమంది. గుండె ఝల్లుమని మళ్ళీ నొక్కేశాను. ఎవడి స్ప్రింగు అది? ఎవడి బండి? ఝల్లుమన్నది మాత్రం నా గుండె!

"అక్కలారా, చెల్లెళ్ళారా, మన చేతుల్లో ఉన్నది ముందు కింద పెడదాం," అని మొదలుపెట్టాను. అద్దం ముందు మూడుసార్లు సాధన చేసిన వాక్యం. బల్ల మీద, కెమెరాకు కనబడకుండా, పప్పుగుత్తి మీద నా కుడిచెయ్యి.

ఇంతలో కిటికీలోంచి గొంతులు. శక్తినగర్ కరెంటు ప్లాంటులో షిఫ్టు ముగించుకుని కంపెనీ బస్సు దిగిన పక్కింటి బసవరాజు గోడవతల నుంచి పలకరించాడు.

"ఏన్ సార్, గాడి రెడి ఆయ్తా?"

బండి రెడీయేనా అన్న ఆ ఒక్క ప్రశ్న చాలు. రాఘు షెడ్డును మరిచిపోయాడు, పిన్నును మరిచిపోయాడు, నన్ను మరిచిపోయాడు. ఇద్దరూ గోడకు చెరోవైపు మాస్కులు పెట్టుకుని నిలబడి, పిస్టను దగ్గర్నుంచి సైలెన్సరు దాకా ఒక్కో పార్టు గురించీ మాట్లాడుకున్నారు. ఇక్కడ నేను, "మన సమయానికి విలువ లేదన్నది పురుషుడి నమ్మకం," అంటున్నాను. అక్కడ ఆయన, "నమ్ మనేలి ఫుల్ సపోర్ట్!" అంటున్నాడు. ఇంట్లో ఫుల్ సపోర్టట!

ఇరవై నిమిషాలకు చెమటలు మొదలయ్యాయి. చాట్‌లో ఎవరో రాశారు: మేడం ముఖంలో ఎంత ఆవేదన! ఆవేదన కాదు తల్లీ, మణికట్టు.

అత్తమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. మంచినీళ్ళు తాగే మిషతో ఎడమచేత్తో మైకు ఆపి, రాఘును పిలవమని కళ్ళతో సైగ చేశాను.

"ఏందమ్మా, కండ్లు గట్ల తిప్పుతున్నవ్?"

"ఆయన్ను పిలవండి అత్తమ్మా, చెయ్యి పోతోంది!"

"వాడు బసవరాజుతోని మాట్లాడుతున్నడు. మగోళ్ళు మాట్లాడేటప్పుడు నడుమల పిలుస్తమా? జరసేపు ఒత్తి పట్టుకో, అచ్చేస్తడు తియ్యి."

మగవాళ్ళ మాట మధ్యలో అడ్డురాకూడదు. నా మాట మధ్యలోకి మాత్రం క్లచ్ రావచ్చు! మైకు మళ్ళీ ఆన్ చేసి పళ్ళ బిగువున ఉపన్యాసం పూర్తిచేశాను. అబ్బ, కోపంలో ఎంత బాగా మాట్లాడానో! చప్పట్లు.

తరవాత ప్రశ్నలు. సింధనూరు దగ్గర కాలువ కింద వరి పండించే కుటుంబం నుంచి వచ్చిన రమణి అనే కొత్తమ్మాయి మొహమాటంగా అడిగింది.

"మీరు చెప్పిందంతా బావుందండీ మేడంగారూ. మరి మీ ఇంట్లో సారుగారు మీకు సాయం చేస్తారాండీ?"

అబద్ధం నోట రాలేదు. నిజం అసలే రాలేదు. "మా ఇంట్లో... ఒకరికొకరం... ప్రయత్నం జరుగుతోంది," అన్నాను. ఆ అమ్మాయి ముఖంలో నమ్మకం తగ్గడం నా కళ్ళతో చూశాను. ఓహో, మీరూ అంతేనా అన్నట్టు.

విమలక్క సభ ఏదైనా ప్రతిజ్ఞతోనే ముగుస్తుంది. కుడిచెయ్యి ముందుకు చాచి అందరూ కలిసి చెప్పాలి. తెర నిండా చేతులు లేచాయి. గాజుల చేతులు, పిండి అంటిన చేతులు, మసి చేతులు. నేను ఎడమచెయ్యి చాచాను.

"పద్మా, కుడిచెయ్యమ్మా," అంది విమలక్క.

చాచకపోతే? నన్ను చూసే కదా వాళ్ళు చాచింది! చాచేశాను.

ఠంగ్!

స్ప్రింగు లాప్‌టాప్ అంచుకు తగిలి ఎటో పోయింది. పప్పుగుత్తి గిర్రున లేచి, అరవై మందికీ దర్శనమిచ్చి, నా ఒళ్ళో పడింది. ప్రతిజ్ఞ ఆగిపోయింది.

"అదేంటండీ మేడంగారూ? పప్పుగుత్తాండీ?" అంది రమణి.

ఇక దాచేదేముంది? "అవునమ్మా. మా ఆయన బండి క్లచ్. మీ అందరినీ చేతిలోది కింద పెట్టమని చెబుతూ నలభై నిమిషాలకు పైగా దీన్ని నొక్కి పట్టుకున్నాను," అన్నాను.

ఒక్కసారిగా నవ్వులు! విమలక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వులు తగ్గాక రమణి అంది, "ఇప్పుడు నమ్మానండీ మిమ్మల్ని. ఇందాక మాట్లాడింది పెద్ద రచయిత్రిగారండీ. ఇప్పుడు మా వదినలా ఉన్నారు. వచ్చేవారం కూడా వస్తానండీ."

నలభై నిమిషాల ఉపన్యాసం చేయలేని పని పప్పుగుత్తి చేసింది. సంతోషించాలా, ఏడవాలా? తేల్చుకోకుండానే లాప్‌టాప్ మూశాను.

అప్పుడు వచ్చాడు మహానుభావుడు, కొత్త పిన్ను పట్టుకుని. "అయ్యో! ఇడిసినవా? స్ప్రింగేది?"

ఇంతసేపు పట్టుకున్నదానివి, పద్మా, ఇంకొక్క నిమిషం పట్టుకోలేకపోయావా అన్నట్టు ఒక చూపు. ఆ చూపుకు ఆ క్లచ్ నెత్తిన వేసి కొట్టాలి. నోరు తెరిస్తే ఇల్లు ఎగిరిపోయేంత కోపం వచ్చింది నాకు. ఆ కోపంతోనే ఏం చేశానంటే, నేత చీర కొంగు నడుముకు దోపి, ఫోన్ టార్చి వెలిగించి, మోకాళ్ళ మీద పాక్కుంటూ ఆ స్ప్రింగు కోసం బీరువా కిందికి దూరాను.

ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని వెనక నిలబడ్డాడు. వంగి చూశాడు.

"ఏంది పద్మా, ఈడ గింత దుమ్ముంది?"

బీరువా కింద నుంచి నేను, స్త్రీవాద రచయిత్రిని, నిన్నటి సభ ప్రధాన వక్తను, ఏమన్నానో తెలుసా?

"సారీ రాఘూ, రెండ్రోజులైంది ఊడ్చి!"