పైవాటాలో కొండ ఉడుత

కూర్మమ్మ తన పెళ్ళిచూపులకు తానే పొరుగింటి పిల్లలా వచ్చి కూర్చుంది. "పెళ్ళికొడుకు కాళ్ళు బాగున్నాయో లేదో, ఓపాలి నడిసి సూపించమనండి" అంది. పాపం, ఆ అబ్బాయి నిజంగానే లేచి వాకిలి చివరిదాకా నడిచాడు. అలా నడిచినవాడితోనే నలభయ్యేళ్ళు కాపురం చేసింది. ఆయన పోయాక కూడా ఆమె అల్లరి తగ్గలేదు.

శృంగవరపుకోట దాటాక కొండ మొదట్లో, పైనుంచి దిగే గెడ్డ వాగు పక్కన ఉన్న ఊరు వాళ్ళది. కాస్త వరిపొలం, పెరట్లో ఒక పనసచెట్టు. 2016 వేసవిలో ఆ చెట్టుకు దొంగలు పడ్డారు. కొన్ని కాయలు ముచ్చికతో సహా మాయం. కొన్నిటికి చెట్టు మీదే పెద్ద చిల్లులు, లోపల తొనలు ఖాళీ. పక్కింటి మరిది గంగరాజు మీదే ఆమె అనుమానం. అడిగితే ఒప్పుకునే ఘటం కాదు. అందుకని ఓ సాయంత్రం చెట్టు మొదలంతా పనసబంక పట్టించి ఊరుకుంది.

తెల్లారేసరికి గంగరాజు రెండు అరచేతులూ ఒకదానికొకటి అంటుకుపోయి చెట్టు కింద నిలబడి ఉన్నాడు.

"పొద్దున్నే ఎవరికిరా దండం, నాకేనా?"

"వొదినా, నేను కాయలే కోసాను. ఆ సిల్లులు నాయి కావు, ఒట్టు!"

"కాయలు నీయి, సిల్లులు ఇంకోడియ్యా?"

అంతలో పైనుంచి పనసతొక్క ఒకటి వచ్చి గంగరాజు నెత్తిన పడింది. తలెత్తి చూస్తే కొమ్మ మీద పిల్లి అంత ఉడుత! ఎర్రటి ఒళ్ళు, ఒంటికంటే పొడుగైన తోక. తొన పట్టుకుని, వీళ్ళనే చూస్తూ తింటోంది.

కూర్మమ్మ మరిది చేతులకు కొబ్బరినూనె రాసి విడదీసింది, అదీ ఊళ్ళో నలుగురూ వచ్చి చూసి నవ్వాకే.

ఆ నలుగురిలో అటవీశాఖ బీటుగార్డు ప్రమోద్ కూడా ఉన్నాడు. "కొండ ఉడుత అమ్మా ఇది. నేల మీద కాలెట్టదు. గెడ్డ పొడుగునా సెట్ల మీంచే దిగొచ్చుంటాది."

"పైన దానికేటి తక్కువైంది?"

"హుద్ హుద్ తుఫానుకి పెద్ద సెట్లు కూలిపోనాయి కదా. నీడ పోయింది. యేడాదికేడాది ఎండ పెరుగుతన్నాది, గెడ్డలు మాగమాసం దాటకుండానే ఎండిపోతన్నాయి. కాయ లేదు, నీరు లేదు."

"సల్లగా ఉంటాది, ఇంకా పైకి ఎల్లొచ్చు కదా?"

"ఇంకా పైకంటే కొండ లేదమ్మా. ఆకాశమే."

కూర్మమ్మ తలెత్తి కొండవైపు చూసింది. చిన్నప్పుడు అడ్డాకుల కోసం ఆ కొండెక్కేది. నడివేసవిలోనూ గెడ్డలో కాలు పెడితే జివ్వుమనేది.

మర్నాడు ఊళ్ళో చాటించింది. "పైకొమ్మల కాయలు ఉడుతవి. కిందవి మనవి. తొన తిన్నోడు పిక్క మొయ్యాల!" అంటే, పండు తిన్నవాళ్ళు దాని పిక్కలు కొండమీదికి మోసుకెళ్ళి, ప్రమోద్ చూపించిన చోట గెడ్డవార పాతాలి. మొదటి బుట్ట గంగరాజు నెత్తికెత్తింది.

"ఉడుతకి లేని శిచ్చ నాకెందుకు వొదినా?"

"అది తొక్క నీకు పెట్టింది. నువ్వు నాకేటి పెట్టావు?"

ఊరంతా తిట్టుకుంటూనే మోశారు. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. మొలిచినవాటిలో చాలా మొక్కలు మాడిపోయాయి, కొన్ని మేకల పాలయ్యాయి. మరుసటి వేసవికి ఉడుత పెరట్లోనే గూడు కట్టింది. గరివిడి చుట్టాలు కాయలు అడిగితే కూర్మమ్మ "పైవాటా అద్దెకిచ్చేసాను" అని పంపేసింది.

రెండేళ్ళ తర్వాత, వానలు పడ్డాక, మరిది చెయ్యి పట్టుకుని ఆమే కొండెక్కింది. బండల నీడలో మోకాలెత్తు పనస మొక్కలు కొన్ని తలలూపుతున్నాయి. గెడ్డలో కాళ్ళు పెట్టి కూర్చుంది. నీళ్ళు ఒకప్పటంత చల్లగా లేవు.

"ఇయి కాసీనాటికి నేనుండనురా" అంది.

గంగరాజు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడవకు. నువ్వుండిపోతావేమోననే నా బెంగ. నీ సేతుల్నించి ఈటికి కాపలా ఎవడు?"

గంగరాజు ఏడుపు మధ్యలోనే నవ్వేశాడు.